డ్రాయర్‌లో పెన్‌డ్రైవ్

"గ్లోరీ, పసుపు ఎక్కడ పెట్టావమ్మా?" అని వంటింట్లోంచి మా అత్తగారు కేకేశారు.

"స్టవ్ పక్కనే అత్తయ్యా, మీ కుడిచేతి వైపు, పచ్చమూత డబ్బా" అని మంచం మీద నుంచే చెప్పాను.

కాసేపటికి మళ్ళీ, "పప్పుకి ఎన్ని కూతలు రానివ్వమంటావ్?"

మా అత్తగారు రత్నమ్మగారు ఈ వంటింటిని నాకంటే ముందు నుంచీ ఏలిన మనిషి. ఆమె వండిన పప్పు తినే మా ఆయన ఇంతవాడయ్యాడు. నేను కాపురానికి వచ్చిన నెలలోనే ఆమెకు పప్పుకి ఎన్ని కూతలో మర్చిపోయే జబ్బు పట్టుకుంది. డబ్బా కళ్ల ముందున్నా కనబడని జబ్బు ఇంటిల్లిపాదికీ ఉంది. మా ఆయన బీరువా తెరిచి నిలబడి బనీను ఎక్కడుందని అడుగుతాడు. మామగారు కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్లజోడు అడుగుతారు. వాళ్లు వస్తువు దగ్గర నిలబడి అడుగుతారు, నేను పక్క గదిలోంచి చూడకుండా చెబుతాను. "మూడు" అని అరిచాను. కుట్లు లాగాయి. అరిస్తే లాగుతాయి, దగ్గితే లాగుతాయి. నవ్వితే కూడా లాగుతాయని డాక్టరమ్మ చెప్పింది కానీ, అది పరీక్షించుకునే సందర్భం ఇంకా రాలేదు.

గర్భసంచి తీసేసి రెండు వారాలు కాలేదు. బరువులెత్తకూడదు, వంగకూడదు, ఆరు వారాలు మంచం మీదే ఉండాలి అని నల్లకుంట ఆసుపత్రిలో చెబుతుంటే మా ఆయన జోయెల్ బుద్ధిమంతుడైన విద్యార్థిలా తలాడించాడు. మల్కాజ్‌గిరి నుంచి మా చర్చి సంఘం వాళ్లు నన్ను పరామర్శించడానికి వచ్చినప్పుడు మా అత్తగారు బిస్కట్ల పళ్లెం అందిస్తూ, "పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లేంత ఎదిగారు, ఇంకా ఏం పని ఆ సంచీతో, పీడా పోయింది" అన్నారు. వాళ్లు ఔనన్నట్టు బిస్కట్లు నమిలారు. నా లోపలి భాగం గురించి నా ముందే, చిరిగిన కూరగాయల సంచి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకుంటుంటే నేను దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాను.

కానీ అసలు రోత అంతకు ముందే మొదలైంది. ఆపరేషనయ్యాక వార్డులో మత్తు ఇంకా సగమే దిగింది. నాలుక ఎండిపోయి నీళ్లడగడానికి మాట రావడం లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. జోయెల్ కిటికీ దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. మా డైరెక్టర్ సత్తయ్య సార్‌తో అని ఆ గొంతే చెప్పింది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో పాకం చేరుతుంది. "ఏం పర్లేదు సార్, ఆపరేషన్ అయిపోయింది. రెండ్రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. ఊరికే పడుకునే కదా ఉంటుంది, ల్యాప్‌టాప్ ఇస్తే చేసేస్తుంది సార్." పక్కింటి వాళ్లు మిక్సీ అడిగితే కూడా మా ఇంట్లో ఒక మాట నన్నడిగే ఇస్తారు. నన్ను ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు.

నేను పనిచేసేది యూనివర్సిటీ క్యాంపస్‌లో, కంప్యూటర్ సెంటర్లో. సర్వర్లన్నీ నా చేతి మీదుగానే లేస్తాయి, పడుకుంటాయి. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను. ఈ ఏడే మొదటిసారి నన్ను పర్మనెంట్ చేసే ఫైలు కదిలి సత్తయ్య సార్ టేబుల్ దాకా వచ్చింది. ఆయన సంతకం పెడితే ఉద్యోగం నాదవుతుంది, పెట్టకపోతే వచ్చే మార్చికి మళ్లీ చేతులు కట్టుకుని నిలబడాలి. జోయెల్ అదే క్యాంపస్‌లో అకౌంట్స్ సెక్షన్లో ఉంటాడు, పర్మనెంట్. నన్ను సార్‌కి అప్పజెప్పింది నా ఫైలు కోసమేనని ఆయన తర్వాత అన్నాడు. తన ప్రమోషన్ కమిటీలో కూడా సత్తయ్య సార్ ఉన్నాడన్న సంగతి మాత్రం అనలేదు.

ఈ ల్యాప్‌టాప్‌తో మంచం మీద నుంచి నేను చేసేదేమిటో చెప్పాలి. మా సర్వర్లలో ప్రతిదాని లోపలా ఒక చిన్న బోర్డు ఉంటుంది. సర్వర్ చచ్చినట్టు పడున్నా అది మేలుకునే ఉంటుంది. తార్నాకలో మా ఇంటి నుంచి దానికి కనెక్టయితే ఆ సర్వర్ తెర నా ల్యాప్‌టాప్‌లో కనబడుతుంది, దాని పవర్ బటన్ ఇక్కడి నుంచే నొక్కొచ్చు. ఇంకో మాయ కూడా ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక ఫైలుని చూపించి, ఇదిగో నీకు పెన్‌డ్రైవ్ పెట్టాను చూసుకో అని సర్వర్‌కి చెప్పొచ్చు. అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదు. అయినా సర్వర్ నమ్ముతుంది, నమ్మి దాంట్లోంచే లేస్తుంది. ఆ ఫైలుని ఇమేజ్ అంటాం. పరీక్షల సాఫ్ట్‌వేర్‌తో సహా అన్నీ సర్ది ఆ ఇమేజ్ తయారుచేసింది నేనే. ఒకటే షరతు, పని పూర్తయ్యేదాకా మా ఇంట్లో నెట్ తెగకూడదు. తెగిందంటే ఎవరో పెన్‌డ్రైవ్‌ని మధ్యలో లాగేసినట్టే, సర్వర్ సగంలో బిగుసుకుపోతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, నిజంగానే పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు కదా అని మీకు అనిపిస్తే మీరు మా సెంటర్లో పనిచేయడం లేదన్నమాట. ఆసుపత్రిలో చేరే ముందు అదే ఇమేజ్‌ని అసలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎర్రతాడు కట్టి, నా డ్రాయర్‌లో పెట్టి, తాళం నాతో పనిచేసే వంశీ చేతికిచ్చి వెళ్లాను. పెన్‌డ్రైవ్ పెట్టి, బటన్ నొక్కి, మొదటి వరస ఎంచుకుంటే చాలు అని రెండుసార్లు చెప్పాను. అయితే సర్వర్ రూమ్‌లోకి ఎవరూ వెళ్లరు. పాత రాతి బిల్డింగులో, డైరెక్టర్ గదికి సరిగ్గా కింద ఉంటుంది. లోపలంతా చలి, ఎలుకల కంపు, చెప్పులు బయట విప్పాలి, నేల మీద కాలు పెడితే జివ్వుమంటుంది. దసరాకి ఆయుధపూజ రోజు మాత్రం అందరూ దిగుతారు. సత్తయ్య సార్ కొబ్బరికాయ కొడతాడు, ఫోటోలు దిగుతారు. మర్నాడు సర్వర్ల జల్లెడల్లో ఇరుక్కున్న కుంకుమ తుడిచేది, కొబ్బరినీళ్లకు పట్టిన చీమల్ని ఊడ్చేది నేను. క్రిస్మస్‌కి మా ఇంటికి సంఘమంతా వచ్చి తినెళ్లాక సోఫా సందుల్లోంచి కేకు ముక్కలు ఏరేదీ నేనే. ఈ విషయంలో దేవుళ్ల మధ్య నాకు తేడా ఏమీ కనబడలేదు.

ఆ రోజు పప్పు మూడో కూత వేస్తుండగా వంశీ ఫోన్ చేశాడు.

"మేడం, ఎంట్రన్స్ సర్వర్ లేస్తలేదు. ఎల్లుండి పీహెచ్‌డీ ఎగ్జామ్ ఉన్నది. సార్ మస్తు గరమ్ అయితున్నడు."

"డ్రాయర్‌లో పెన్‌డ్రైవ్ ఉంది కదా వంశీ."

"ఉన్నది మేడం. మరి గాడికి పోవాల్నా? మీరు ఇంట్లనే ఉన్నరు కదా, గాడ్నుంచే లేపుండ్రి. జోయెల్ సార్ చెప్పిండు మీరు చేస్తరని."

"తెర మీద ఏం వస్తోంది?"

"నాకేం తెలుస్తది మేడం. మీకు గాడ కనబడ్తది కదా."

వంశీ పర్మనెంట్. సర్వర్‌కి పైన, ఒక వరస మెట్లకు అవతల, టీ తాగుతూ కూర్చున్నాడు. పసుపు డబ్బా పక్కన నిలబడి పసుపు ఎక్కడ అంటున్నాడు. ఆ వారంలో ఇలా లేపిన సర్వర్లలో ఇది మొదటిది కాదు. నా లీవు కాగితాల్లో నేను మెడికల్ లీవులో ఉన్నాను. ఆఫీసులో వేలిముద్ర పడలేదు కాబట్టి నేను చేసింది డ్యూటీ కాదు, ఇంట్లో మంచం దిగలేదు కాబట్టి నేను చేసింది పనే కాదు.

అయినా లేచి కూర్చున్నాను. పరీక్ష రాయబోయే పిల్లలేం పాపం చేశారు. ఫైలు కూడా గుర్తొచ్చింది, కాదనను. తొడల మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. సర్వర్ తెర తెచ్చుకుని చూస్తే డిస్కులో ఉన్నదంతా పోయింది, మొదటి నుంచీ ఎక్కించాలి. మా ఇంటి నెట్ మీదుగా అంటే సాయంత్రం దాటుతుంది. అందుకని జోయెల్ ఆఫీసు నుంచి రాగానే, "ఇవాళ ప్రార్థనప్పుడు నెట్ ఆపొద్దని మామయ్యగారికి చెప్పండి" అన్నాను.

మా ఇంట్లో చీకటి పడగానే కుటుంబ ప్రార్థన. మా మామగారు ప్రభుదాసుగారు సంఘపెద్ద. ఒకసారి ప్రార్థన మధ్యలో మా చిన్నాడి ఫోన్‌లో ఏదో సినిమా పాట మోగినప్పటి నుంచీ ఆయన హాల్లో నెట్ స్విచ్ ఆపేసి గానీ బైబిలు తెరవరు. నేనే చెప్పొచ్చు కదా అంటారేమో. ప్రార్థన సంగతిలో మామగారికి కోడలు చెప్పడం మా ఇంట్లో లేదు. కొడుకే చెప్పాలి.

"చెప్తాలే" అన్నాడు జోయెల్, ఫోన్లోంచి తలెత్తకుండా.

పని ఎంతయిందో చూపించే గీత తెర మీద చివరి దాకా వచ్చింది. ఇంకొంచెం ఉందనగా హాల్లో కుర్చీలు లాగిన చప్పుడు, స్విచ్ టక్కుమన్న చప్పుడు వినిపించాయి. గీత ఆగిపోయింది. నేను గోడ పట్టుకుని లేచాను. గోడ పట్టుకునే గది దాటాను. "మామయ్యగారూ, ఒక్కసారి ఆ నెట్..." అన్నాను. ఆయన కళ్లు మూసుకునే అరచెయ్యి పైకెత్తారు, మాట్లాడొద్దని. ఆయన పక్కన జోయెల్ కూడా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు, గోడ పట్టుకున్న నా చేతిని చూశాడు, ఆఫ్ అయి ఉన్న స్విచ్‌ని చూశాడు. మళ్ళీ ఆ కన్ను మూసుకున్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో నేను చాలా చూశాను. ఆయన కోపాలు చూశాను, అబద్ధాలు చూశాను, పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నం పళ్లెం విసరడం చూశాను. అవన్నీ ఒక మూలకు సర్దుకున్నాను. ఆ కన్ను మూసుకోవడాన్ని మాత్రం ఏ మూలకూ సర్దలేకపోయాను.

మామగారు ఆ ప్రార్థనలో నా పేరు కూడా ఎత్తారు. మా కోడలికి విశ్రాంతిని, స్వస్థతను దయచేయుము తండ్రీ అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను నిలబడే ఉన్నాను. నైటీ తడిగా తగిలితే కిందికి చూశాను, నెత్తురు.

"ఎవరు లేవమన్నారు నిన్ను?" అన్నారు మా అత్తగారు. తిట్టినట్టే అన్నారు గానీ నన్ను పట్టుకుని మంచం దాకా తీసుకొచ్చింది ఆమే, బట్ట మార్చిందీ ఆమే. ఆవిడ కాన్పులప్పుడు ఎవరు మార్చారో, అసలు ఎవరైనా మార్చారో లేదో నేనెప్పుడూ అడగలేదు.

నేను పడుకుని ఉండగానే సత్తయ్య సార్ జోయెల్‌కి ఫోన్ చేశాడు. నాకు కాదు. మిక్సీ పాడైతే మిక్సీకి ఫోన్ చేయరు కదా. జోయెల్ గుమ్మం దగ్గరే నిలబడి, అదే పాకం గొంతుతో, "ఏదో తప్పు నొక్కినట్టుంది సార్. ఒంట్లో బాగాలేదు కదా, బుర్ర సరిగా పనిచేయట్లేదు. రేపు పొద్దున్నే కూర్చోబెట్టి చేయిస్తాను సార్" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "నేనేం తప్పు నొక్కాను?"

"మరేం చెప్పమంటావ్? మా నాన్న ప్రార్థన కోసం నెట్ ఆపాడని చెప్పనా? క్యాంపసంతా నవ్వుకుంటారు."

"మామయ్యగారికి చెప్పారా ఆపొద్దని?"

"పెద్దాయనకి దేవుడి సంగతిలో ఏం చెప్తాను గ్లోరీ. నువ్వు తప్పు చేశావంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆపరేషనైంది కదా, అందుకేలే అనుకుంటారు. ఎవరికీ నష్టం లేదు."

ఎవరికీ నష్టం లేదట. పన్నెండేళ్లలో ఆ సెంటర్లో తప్పు బటన్ నొక్కిందనే మాట నా మీద లేదు. నా దగ్గర ఉన్న ఆస్తల్లా అదే. అదొక్కటి చూసే కదా ఆ ఫైలు అంత దూరం వచ్చింది. దాన్ని తీసి, స్టవ్ మీద ఏదో పొంగితే మసిగుడ్డ అందుకున్నంత సులువుగా అందుకుని, వాళ్ల నాన్న పరువు తుడిచేశాడు. తుడిచాక ఆ గుడ్డని ఎక్కడ పడేశాడో కూడా చూసుకోలేదు, భోజనానికి వెళ్లిపోయాడు. పప్పు బాగా కుదిరిందని అత్తగారితో అనడం వినిపించింది.

పొద్దున్నే జోయెల్ కాఫీ తెచ్చాడు. మా కాపురంలో ఆయన చేత్తో కాఫీ కలపడం అదే మొదటిసారి. పంచదార ఎంత వెయ్యాలో అడగలేదంటే, ఎప్పటి నుంచో తెలిసే ఉందన్నమాట. కప్పు బల్ల మీద పెట్టి, నా తొడల మీద దిండు సర్ది, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి తెరిచాడు. ఎంత ప్రేమగా చేశాడంటే, చూసినవాళ్లు ఎంత అదృష్టవంతురాలో అనుకుంటారు. "పదింటికల్లా అయిపోతుందని సార్‌కి చెప్పాను. నాన్నకి కూడా చెప్పానులే" అన్నాడు. ఆ చేతుల్ని చూస్తుంటే నాకు వార్డులో నర్సు గొట్టం పెట్టేముందు వేసుకున్న రబ్బరు తొడుగులు గుర్తొచ్చాయి. ఆవిడ నయం, పెడుతున్నానమ్మా అని ఒక మాట చెప్పింది.

నేను ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాను. నా ఫోన్ తీసి సత్తయ్య సార్‌కి చేశాను. జోయెల్ అక్కడే ఉన్నాడు. ఉండనీ అని స్పీకర్ పెట్టాను.

"ఆ మేడం, అయిందా?" అన్నాడాయన.

"లేదు సార్. నేను మెడికల్ లీవులో ఉన్నాను."

"గా సంగతి నాకెరికే కదమ్మా. ఇంట్లనే ఖాళీగ ఉంటున్నరని మీ ఆయననే చెప్పిండు."

"ఆయనకు నన్ను ఇచ్చే హక్కు లేదు సార్. ఇంకో సంగతి కూడా. నిన్న నేను తప్పేమీ నొక్కలేదు. పని చివరికొచ్చాక మా ఇంట్లో ప్రార్థన కోసం నెట్ ఆపేశారు. మీకు ఫోన్లో వేరేగా చెప్పినప్పుడు మా ఆయనకు ఆ సంగతి తెలుసు. ఇక్కడే ఉన్నారు, కావాలంటే అడగండి."

ఆయన అడగలేదు. జోయెల్ నా వైపు కాకుండా కాఫీ కప్పు వైపు చూస్తున్నాడు. ఈసారి రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు సార్, గొంతు తగ్గించి. "ఎగ్జామ్ ఉన్నది కదమ్మా, పిల్లల లైఫ్ ఉన్నది. మీ ఫైల్ సుత నా టేబుల్ మీదనే ఉన్నది, యాది పెట్టుకోండ్రి."

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. రాత్రంతా దాని కోసమే ఎదురుచూసినట్టుగా ఉంది. వచ్చాక చూస్తే నేను భయపడినంత పెద్దదేమీ కాదు. ఆ ఫైలు మీద సంతకం పడితే నేను పర్మనెంట్ అయ్యేది దేనికి? ఇలా మంచం మీద నెత్తురోడుతూ, ఎవరో ఎవరికో మాటిస్తే వాళ్ల సర్వర్లు లేపడానికేనా? నా పేరు మీద తుడుచుకున్నదంతా మోసుకుంటూ ఉండటానికేనా?

"ఉండనివ్వండి సార్" అన్నాను. "మీ గది కిందే సర్వర్ ఉంది. నా డ్రాయర్‌లో ఎర్రతాడు కట్టిన పెన్‌డ్రైవ్ ఉంది, తాళం వంశీ దగ్గరుంది. పెట్టి, మొదటి వరస ఎంచుకుంటే చాలు. పరీక్ష రేపు కదా, ఇవాళంతా టైముంది."

"గా రూమ్ల ఎట్ల ఉంటదో మీకు ఎరికే కదమ్మా. చలి, ఎలుకలు..."

"ఎరికే సార్. పన్నెండేళ్ల నుంచి ఎరికే."

ఫోన్ పెట్టేశాను. "ఏం చేశావో అర్థమవుతోందా నీకు?" అన్నాడు జోయెల్. కాఫీ చల్లారకముందే తాగాను. బాగుంది. అది కూడా అసహ్యంగానే అనిపించింది, ఇన్నేళ్లూ చేయడం వచ్చి కూడా చేయలేదే అని.

ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాక మెల్లగా లేచి హాల్లోకి వెళ్లి వచ్చి పడుకున్నాను. మధ్యాహ్నం కాకముందే వంశీ ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది, చలికి.

"మేడం, సర్వర్ రూమ్ల ఉన్న. పెన్‌డ్రైవ్ పెట్టిన. ఏమేమో వస్తున్నయ్. ఏం జెయ్యాలె?"

"ఏం వస్తున్నాయి?"

"మీకు గాడ కనబడ్తలేదా?"

"లేదు వంశీ. నీకే కనబడుతోంది. చదువు."

తడుముకుంటూ చదివాడు. మొదటి వరస చదవగానే వాడికే అర్థమైంది. "ఓ, గిదేనా మేడం" అన్నాడు. గంట తర్వాత సర్వర్ లేచిందని మెసేజ్ పెట్టాడు. గిదేనట. నేను పొట్ట చించుకుని కూర్చున్నది గిదాని కోసమే. నాకు నవ్వొచ్చింది, డాక్టరమ్మ చెప్పింది నిజమే, కుట్లు లాగాయి.

సాయంత్రం జోయెల్ వచ్చాడు, స్నానం చేశాడు. సత్తయ్య సార్ ఏమన్నాడో చెప్పలేదు, నేను అడగలేదు. చీకటి పడింది. హాల్లో కుర్చీలు లాగారు. వంటింట్లోంచి కొత్తిమీర ఎక్కడ అని కేక రాలేదు, ఎందుకో అత్తగారు తనే వెతుక్కున్నారు. మామగారు బైబిలు చంకలో పెట్టుకుని గోడ దగ్గరికెళ్లడం నా గుమ్మంలోంచి కనబడుతోంది. చెయ్యెత్తి అక్కడే ఆగిపోయారు.

"ఇది ఆపే ఉందేంటి? వైరు కూడా లేదు" అన్నారు.

వైరు నా దిండు కింద ఉంది.

"పొద్దున నేనే ఆపాను మామయ్యగారూ" అన్నాను.

ఆయన నా గుమ్మం దాకా వచ్చారు. వెనకాల జోయెల్, వంటింటి తలుపులో చేతికి కొత్తిమీర అంటుకున్న మా అత్తగారు.

"ప్రార్థన ఇప్పుడు కదమ్మా, పొద్దున్నెందుకు ఆపావు?"

"పడుకోవడానికి" అన్నాను.